నైరుతిలో ఎర్తు

మా ముందు గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. మా ఇంట్లో దేవుడి గదికి కూడా ఆ నియమం అంత గట్టిగా లేదు. మా ఆయన దామోదర్ వరండాలో చెప్పులతోనే నిలబడి దేవుడికి ఒక దండం విసిరి పోయే మనిషి. కానీ తొంభై ఆరులో ఆ గదిలోకి ఐదు కంప్యూటర్లు దిగాక, గుమ్మం పక్కన ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టించారు. దుమ్ము చేరితే మిషన్లు పాడవుతాయని అమ్మినవాళ్లు చెప్పారు. అది సరస్వతి ఉండే చోటని ఈయన కలుపుకున్నారు. రోజూ పొద్దున్నే గది తడిగుడ్డతో తుడవాలి. ఆ తడి ఆరకముందే పిల్లలు వట్టి కాళ్లతో వచ్చి, మిషనుకు దండం పెట్టి కూర్చునేవాళ్లు.

ఈయన అన్నదమ్ములకు ఇక్కడే, మా మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. ఈయనకు ఊక దుమ్ము పడదు, తుమ్ములు. తుమ్ము రాని వ్యాపారం కోసం మూడేళ్లు వెతికి కంప్యూటర్ సెంటరు దగ్గర ఆగారు. నేను కోదాడ పిల్లను. ఖమ్మంలో బీఎస్సీ ఫిజిక్సు చదివాను. ఫస్టు క్లాసు తెచ్చుకుని, పెళ్లి చేసుకుని, పదకొండేళ్లుగా కుక్కరు ఆవిరి మీద ప్రయోగాలు చేస్తున్నాను.

సెంటరులో పాఠం చెప్పేదీ, మిషన్లు బాగుచేసేదీ ధర్మా ఒక్కడే. నడిగూడెం దగ్గర తండా వాళ్లది. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రి. ఐటీఐ చదివి, కోదాడలో కొన్నాళ్లు టీవీలు విప్పి, హైదరాబాదు పోయి కంప్యూటర్లు విప్పడం నేర్చుకుని వచ్చాడు. సూర్యాపేట, కోదాడ ఆఫీసుల నుంచి కూడా చెడిపోయిన మిషన్లు జీపుల్లో మా ఇంటికి వచ్చేవి. పురిటికొచ్చిన ఆడపిల్లల్లాగా వాటిని జాగ్రత్తగా దింపించి, లోపల పడుకోబెట్టేవాడు.

అతని తండ్రీ తాతా మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్లే. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటి మనిషి ధర్మా. ఈ మాట అతను ఎప్పుడూ చెప్పలేదు. అతని భార్య నీలా ఒకసారి పిల్లలను తీసుకుని సెంటరు చూడడానికి వచ్చినప్పుడు వంటింట్లో నాతో చెప్పింది.

“ఆయన చేతులు సూసిండ్రా అక్కా, ఆఫీసరు చేతుల లెక్క ఉంటయి. మా ఇంట్ల ఇంకెవ్వలికి లేవు గసొంటి చేతులు. కరెంటు పనాయె. జర మీరు సూస్కోండ్రి.”

చూసుకుంటానని అన్నాను. టీ గ్లాసు అందిస్తూ అనే మాటలకు అంత బరువుంటుందని అప్పుడు ఎవరనుకుంటారు.

ధర్మాకు పుస్తకం మీద నమ్మకం. హైదరాబాదు నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాడు, కంప్యూటరు లోపల చెయ్యి పెట్టేవాడు ఏమేం చేయాలి, ఏమేం చేయకూడదు అని. దాన్ని తెలుగులో రాసి గోడకు అంటించాలని అతని కోరిక. నా చేతిరాత బాగుంటుంది, మధ్యాహ్నం తీరిక కూడా ఉంటుంది. ఇద్దరం కూర్చుని రాశాం. విప్పే ముందు ప్లగ్గు పీకాలి. ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాలి. స్క్రూలు నోట్లో పెట్టుకోకూడదు. లోపలి కార్డులను అప్పడంలాగా అంచులతో పట్టుకోవాలి, మధ్యలో వేలు తగలకూడదు. వెనక పక్క ఉండే పవర్ సప్లై అనే ఇనుప పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా దాంట్లో కరెంటు కాసేపు దాక్కుని ఉంటుంది. “అత్తగారి కోపంలాగా” అని నేను కలిపాను. ధర్మా ముసిముసిగా నవ్వి, స్కేలు పెట్టి మరీ కొట్టేశాడు.

అన్నిటికంటే పెద్ద రూలు ఇంకొకటి ఉంది. లోపల దేన్నీ ముట్టుకునే ముందు, ప్లగ్గు ఇంకా గోడలో ఉండగానే, కంప్యూటరు డబ్బా ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకోవాలి. టెర్లిన్ బట్టలు వేసుకుని తిరిగే మన ఒంట్లో కొంత కరెంటు పేరుకుంటుంది. మనకు తెలియదు, కానీ లోపలి చిప్పులు దానికే మాడిపోతాయి. ఇనుమును ముట్టుకుంటే అది డబ్బాలోంచి మూడో తీగ పట్టుకుని భూమిలోకి దిగిపోతుంది. దాన్నే ఎర్తు అంటారు. డబ్బాకు ఎప్పుడైనా పెద్ద కరెంటు తగిలినా అదే దారిన దిగిపోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, మనిషి మిగులుతాడు.

మా ఇంట్లో ఆ దారి లేదు. ప్లగ్గుకు మూడో పుల్ల ఉంది, గోడకు మూడో రంధ్రం ఉంది, ఆ రంధ్రం వెనక ఏమీ లేదు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ మూడో తీగ మిగిల్చి మా మామగారి దగ్గర మెప్పు పొందాడట. అందుకని మా కంప్యూటర్లు ముట్టుకుంటే వేళ్లు జిమ్మనేవి. పిల్లలు అది మిషను మహిమ అనుకునేవాళ్లు. ధర్మా మాత్రం జేబులో టెస్టర్ లేకుండా ఏ డబ్బా దగ్గరికీ పోయేవాడు కాదు. తేలుందేమోనని చెప్పు దులిపి తొడుక్కున్నట్టు, ముందు టెస్టర్ ఆనించి, అందులో బల్బు మసకగా వెలగడం చూసి, అప్పుడు ప్లగ్గు పీకి, అప్పుడు చెయ్యి వేసేవాడు.

మా ఆయనను అతను రెండే అడిగాడు. గదిలోకి రబ్బరు చెప్పులతో రానివ్వమని ఒకటి, కరెంటు మీటరు కింద ఎర్తు గుంత తీయించమని ఇంకొకటి. ఐదడుగుల గుంత తీసి, ఇనుప పైపు పాతి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా నింపి, పైపు నుంచి మీటరుకు, అక్కడి నుంచి గోడల్లోని మూడో రంధ్రాలకు తీగ లాగాలి. రోజూ కాసిని నీళ్లు పోయాలి. అంతే.

చెప్పుల సంగతి సరస్వతి దగ్గర ఆగిపోయింది. గుంత సంగతి దుర్గయ్య దగ్గర ఆగిపోయింది.

దుర్గయ్యది సూర్యాపేట. రోడ్ల ఓవర్సీరుగా చేసి రిటైరై, వాస్తులోకి దిగాడు. అప్పట్లో మా వైపు వాస్తు విషజ్వరంలాగా ఉండేది. ఒక ఇంట్లో వచ్చిందంటే వీధంతా గుమ్మాలు మార్చేవాళ్లు. దుర్గయ్య టేపుతో కొలిచి మరీ చెప్పేవాడు కనుక ఆయన మాట సైన్సు. ఆయన మాట మీద మా వంటింటి గుమ్మం ఇప్పటికి రెండుసార్లు తిరిగింది. మీటరు ఎక్కడుందో చూసి, దిక్సూచి తీసి, నా వైపు జాలిగా చూశాడు. మీటరు ఇంటికి నైరుతి మూలన ఉంది.

“చెల్లెమ్మా, నైరుతిల గుంత తీసుడంటే ఇంటాయన కోసం తీసినట్టే. నైరుతి ఎప్పటికి బరువుండాలె. గాడ ఎంత బరువు పెడితే గంత మంచిది.”

ఈశాన్యంలో తీస్తే అని అడిగాను. ఈశాన్యంలో గుంత తీయవచ్చట, కానీ ఉప్పు పోయకూడదట. ఇంట్లో ఫిజిక్సు చదివినదాన్ని నేనున్నానని గుర్తుచేశాను. నా చదువు మీద తనకు చాలా గౌరవమని చెప్పి టీ తాగాడు. ఆయన పోయాక మా ఆయనతో రెండు రోజులు వాదించాను. మూడో రోజు ఆయన, “నేను వోయినంక తవ్వుకో,” అన్నారు. ఆ మాట అన్నాక ఏ భార్య అయినా ఏం మాట్లాడుతుంది?

కానీ పోయినంక అన్నారు కదా. మే నెలలో మిల్లుల సంఘం వాళ్లతో మూడు రోజులు నాగార్జున సాగర్ పోయారు. ఆయన పోయినంక తవ్వించాను.

తవ్వినవాడు మంగయ్య. మిల్లులో హమాలీ, మా ఇంటి పెరటి పనులు కూడా చేసేవాడు. ఎవరికీ చెప్పవద్దంటే తన నీడకు కూడా చెప్పడు. ఉప్పు బస్తా గేటులోంచి వస్తుంటే ఎదురింటావిడ చూసింది. మే నెలలో ఉప్పు బస్తా చూసి ఎవరూ ఏమీ అడగరు, ఆవకాయ ఎన్ని జాడీలని తప్ప. ఈసారి కొంచెం ఎక్కువే పెడుతున్నానని చెప్పాను. బొగ్గులు ఇస్త్రీ బండి దగ్గర దొరికాయి. పైపు ధర్మా తెచ్చి, తీగ తానే బిగించి, గోడ వెంట సున్నంతో కప్పేశాడు. సారుకు చెప్పకుండా చేస్తున్నందుకు అతనికి భయంగానే ఉంది. చెప్పే బాధ్యత నాదని అన్నాను. సమయం చూసి చెబుతానన్నాను. ఆ సమయాన్ని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

పైన ఏదైనా మొక్క పెడదామనుకున్నాను గానీ, ఉప్పు గుంతలో మొక్క బతకదు. పెరట్లో మూలనపడి ఉన్న పాత రోలును మంగయ్యతో దొర్లించి పైపు మూతి మీద నిలబెట్టాను. బియ్యం కడిగిన నీళ్లు రోజూ ఆ రోలు చుట్టూ పోసేదాన్ని. మా ఆయన సాగర్ నుంచి వచ్చి చూసి ఎంతో సంతోషించారు. నైరుతిలో బరువు పెట్టాలన్న దుర్గయ్య మాట నాకు ఇన్నాళ్లకు తలకెక్కిందన్నారు. దుర్గయ్య వచ్చినప్పుడు నా ముందే మెచ్చుకున్నాడు. తల వంచుకుని ఆ మెప్పు తీసుకున్నాను. అంత హాయిగా నవ్వుకున్న రోజులు నా కాపురంలో ఎక్కువ లేవు.

డబ్బాలు జిమ్మనడం ఆ రోజుతో ఆగిపోయింది. ధర్మా మొదటి వారం ప్రతిసారీ టెస్టర్ పెట్టి చూశాడు. బల్బు వెలగలేదు. తర్వాత రోజుకొకసారి చూశాడు. తర్వాత చూడడం మానేశాడు. పుస్తకంలో ఉన్నట్టే ముందు డబ్బా ముట్టుకుని పని మొదలుపెట్టేవాడు. పిల్లలకూ అదే నేర్పాడు, రాగానే ముందు డబ్బా ముట్టండి అని. వాళ్లు ముట్టుకుని కళ్లకద్దుకునేవాళ్లు. సైన్సు ఏదైనా మా దగ్గరికి వస్తే కళ్లకద్దుకోకుండా వదలం.

ఆగస్టులో మా నాన్నకు కంటి ఆపరేషనైతే కోదాడ పోయి ఇరవై రోజులు ఉండిపోయాను. వానలు పడుతున్నాయి, గుంతకు నీళ్ల బెంగ లేదు. తక్కినదంతా ఆ ఇరవై రోజుల్లోనే జరిగింది. నాకు మాత్రం ముక్కలు ముక్కలుగా, వెనక నుంచి ముందుకు తెలిసింది. వరుసలో పెట్టి చెబుతాను.

మా సెంటరుకు ఎదురుగా ఇంకో సెంటరు పెట్టారు. పిల్లలు కొందరు అటు పోయారు. మా ఆయన దుర్గయ్యను పిలిపించారు. ధర్మా ఆ రెండు రోజులూ సూర్యాపేటలో ఏదో ఆఫీసు మిషన్లు చూస్తున్నాడు. దుర్గయ్య ఇల్లంతా కొలిచి, రోలు దగ్గర నిలబడ్డాడు. రోలు బరువే కానీ దాని నడుమ గుంట ఉంది కదా, గుంట గుంటే, దీన్ని తీసి బండరాయి పెట్టమన్నాడు. మంగయ్యతో రోలు దొర్లించారు. కింద ఇనుప పైపు మూతి కనిపించింది. తవ్విస్తే బొగ్గులు. ఇంకా తవ్విస్తే ఉప్పు. మళ్లీ బొగ్గులు. పైపుకు చుట్టిన రాగి తీగ.

నైరుతి మూలన, ఇంటాయనకు తెలియకుండా, బొగ్గులూ ఉప్పూ ఇనుమూ పాతిపెట్టి ఉంటే మా జిల్లాలో ఎవరైనా ఏమంటారో దుర్గయ్య కూడా అదే అన్నాడు. బాణామతి.

పైపు పీకించి, బొగ్గులూ ఉప్పూ ఎత్తించి కాలువలో కలిపించారు. తీగ కత్తిరించారు. గుంత పూడ్చి, బండ వేసి, నాలుగు నిమ్మకాయలు కోశారు. నలభై ఒక్క రోజులు ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని దుర్గయ్య కట్టడి పెట్టాడు. ఈలోగా ఎవరు చేశారో దానంతటదే బయటపడుతుందని, తీసేసిన బాణామతి పెట్టినవాడి మీదికే తిరుగుతుందని చెప్పాడు. మీ దగ్గరికి తండా మనుషులెవరైనా వస్తుంటారా అని కూడా అడిగాడట. మా ఆయన జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబైంది.

డబ్బాలు మళ్లీ జిమ్మంటుంటే మహిమ తిరిగొచ్చిందనుకుని పిల్లలు ధర్మాకు చెప్పలేదట, అతనికి ఆ వారం డబ్బా విప్పే పని పడలేదు. గుంత పూడ్చిన తొమ్మిదో రోజు పొద్దున ఒక మిషను మొదలవలేదు. వానలకు ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి. మిల్లుల ఊళ్లో ఎలుకలకు కొదవ లేదు. ఆ కాలపు కంప్యూటర్లకు ముందు ఉండే మీట దాకా గోడ కరెంటు నేరుగా వచ్చేది. ఆ తీగను ఎలుక కొరికి, రాగి బయటపడి డబ్బాకు ఆనుకుంది. గుంత ఉండి ఉంటే ఫ్యూజు ఎగిరిపోయేది, ధర్మా దాన్ని చూసి ఎలుకను తిట్టుకునేవాడు. అప్పుడే తుడిచిన తడి నేల. వట్టి కాళ్లు. గోడ మీటా, ముందు మీటా పిల్లలు డబ్బా ముట్టుకున్నాక వేసి అలాగే ఉంచారు. సార్, ఇది రావట్లేదు అన్నారు. ధర్మా వచ్చి, పుస్తకంలో ఉన్నట్టే, ముందు డబ్బా మీద చెయ్యి వేశాడు.

చెయ్యి అతుక్కుపోయింది. పిల్లలు కొయ్యబారిపోయారు. ఒక్క అమ్మాయి మాత్రం అతన్ని ముట్టుకోకుండా గోడ దగ్గరికి ఉరికి ప్లగ్గు పీకేసింది. గోడకు అంటించిన కాగితంలో మొదటి రూలు అదే కదా ఆంటీ అని తర్వాత నాతో అన్నది. ప్రాణం అలా దక్కింది. మా ఆయన తన భుజాల మీద మోసుకుని జీపులో వేసుకుని దవాఖానకు పోయారు. అక్కడి నుంచి హైదరాబాదు పోయారు. కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు. మిగిలిన మూడూ ఉన్నాయి, ముడుచుకోవు. టెస్టర్ జేబులోనే ఉండిందట.

నేను వచ్చేసరికి రోలు గోడ పక్కన ఉంది, బండ కొత్తగా ఉంది. మంగయ్యను పిలిచి అడిగాను. అతను నేల చూస్తూ అంతా చెప్పాడు. నాకెందుకు చెప్పలేదు, పోనీ ధర్మాకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

“తవ్వినప్పుడు ఎవ్వలికి చెప్పొద్దని మీరన్నరు. పీకినప్పుడు ఎవ్వలికి చెప్పొద్దని సారన్నడు. నేను ఎవ్వలికి చెప్పలేదమ్మా.”

అతన్ని ఏమంటాను. మా ఇద్దరి మాటా నిలబెట్టినవాడు అతనొక్కడే.

ఆ రోజే మా ఆయనకు చెప్పాను. గుంత నేనే తీయించానని, ఉప్పు ఆవకాయకు కాదని, రోలు అందుకే పెట్టానని. ఆయన నమ్మారు. పదకొండేళ్లలో నా మాట ఇంత త్వరగా నమ్మడం అదే మొదలు. తర్వాత తల పట్టుకుని కూర్చుని మెల్లగా అన్నారు.

“దుర్గయ్య సారు చెప్పినదాంట్ల తప్పేమున్నది మరి? నైరుతిల గుంత తీస్తే మనిషికి తగుల్తదన్నడు. తీసినవ్. తగిలింది.”

నేను చదివిన ఫిజిక్సులో దీనికి జవాబు లేదు.

కానీ అప్పటికే మాట వీధిలో పడింది. నలభై ఒక్క రోజుల కట్టడి దుర్గయ్య నోటికి పట్టలేదు. తండావాడు సారు ఇంటికి బాణామతి పెట్టాడట, తీయించేసరికి తొమ్మిదో రోజు వాడికే తిరిగిందట, ఏ చేత్తో పెట్టాడో ఆ చెయ్యే పోయిందట. వినడానికి ఎంత కుదురుగా ఉందో చూడండి. నా కథలో ఎలుక ఉంది, రాగి తీగ ఉంది, నా అతితెలివి ఉంది, నా భయం ఉంది. వాళ్ల కథలో చేసినవాడు అనుభవించాడు. ఏది నిలబడుతుంది?

ధర్మా ఆసుపత్రి నుంచి తండాకు వచ్చాక, కోదాడలో ఒక సెంటరువాళ్లు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. పాఠానికి నోరు చాలు కదా. మళ్లీ కుర్చీలోనే కూర్చోవచ్చు. వారం తిరక్కుండా వద్దన్నారు. కారణం చెప్పలేదు, చెప్పనక్కరలేదు.

నేను ఊరుకోలేకపోయాను. పేరంటానికి పిలవబోయినట్టు ఇల్లిల్లూ తిరిగాను. ఎదురింటావిడతో మొదలుపెట్టాను. ఆ ఉప్పు బస్తా గుర్తుందా, అది ఇందుకే తెప్పించానని చెప్పాను. బీఎస్సీ పుస్తకం కూడా పట్టుకుపోయి బొమ్మ చూపించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒకావిడ, పనివాడి మీద ఇంత దయ ఎవరికుంటుంది, తప్పు తన మీద వేసుకుంటోంది అన్నది. ఇంకొకావిడ పుస్తకంలోని పైపు బొమ్మను ముట్టుకోకుండా వెనక్కి జరిగింది. నాలుగు రోజుల తర్వాత నాకు తెలిసిన సంగతేమంటే, ధర్మా నాకు కూడా పెట్టాడట. లేకపోతే చదువుకున్నది, పరువుగల ఇంటి కోడలు, తన ఇంటి నైరుతిలో తనే ఎందుకు గుంత తీస్తుంది? మా తోడికోడలు నా చేతికి తాయెత్తు కట్టించడానికి మనిషిని పంపింది. ఆ మనిషికి టీ ఇచ్చి పంపించాను.

ఇంట్లో ఒక మార్పు మాత్రం వచ్చింది. మా ఆయన చెప్పుల బోర్డు పీకేసి, గదంతా రబ్బరు పట్టాలు పరిపించారు. రబ్బరు గురించి వాస్తులో ఏమీ రాయలేదని దుర్గయ్య ఒప్పుకున్నాడు. గుంత మాట మాత్రం ఎత్తనివ్వలేదు. అందరినీ డబ్బా ముట్టడం మానుకొమ్మని చెప్పి, గోడ మీది కాగితంలో ఆ రూలు నేనే కొట్టేశాను.

దసరా వెళ్లాక నడిగూడెం బస్సెక్కి తండాకు పోయాను. ఎందుకు పోయానంటే, ఇన్నిళ్లలో చెప్పిన మాట చెప్పవలసిన ఇంట్లో ఇంకా చెప్పలేదు. ధర్మా బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. చెయ్యి తుండుగుడ్డ కింద పెట్టుకున్నాడు. నీలా పత్తి ఏరడానికి పోయిందన్నాడు.

గుంత పూడ్చేసిన సంగతి అతనికి ఎవరో చెప్పారట. నేను చెప్పడానికి వచ్చింది అది కాదు. సారుకు సమయం చూసి చెబుతానన్నది నేను, చెప్పనిది నేను, దాచిపెట్టినందుకే అది దొంగలాగా బయటపడిందని చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. చివరికి, “టెస్టర్ పెట్టి సూడాలె అక్కా. జేబుల్నే ఉండె,” అన్నాడు. తప్పు తన దగ్గరే ఉంచుకున్నాడు, నాకు కొంచెం కూడా ఇవ్వలేదు.

చెయ్యి మీది తుండుగుడ్డ సర్దుకుని అన్నాడు.

“మీరు ఇండ్లండ్లకు తిరిగి చెప్తున్నరట.”

అవునన్నాను. నిజం తెలియాలి కదా అన్నాను.

“ఇగ చెప్పకుండ్రి. మీరు ఒక్క ఇంట్ల చెప్తే పది ఇండ్లల్ల నా పేరు తీస్తున్నరు. మర్సిపోయినోళ్లకు గూడ యాదికొస్తున్నది. మా తండాల సుత రెండిండ్లోళ్లు మా పొల్లగాండ్లను రానిస్తలేరు.”

“చెప్పకపోతే వాళ్లన్నదే నిజమైపోతుంది ధర్మా.”

“అయిపోయింది గదక్కా.”

అతని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే తిరిగివచ్చే దారి కొంచెం తేలికగా ఉండేది.

నీలా వచ్చింది. నన్ను చూసి పత్తి మూట దింపి, కాళ్లు కడుక్కుని, టీ పెట్టింది. ఈ పత్తి అయిపోగానే కృష్ణ అవతలికి మిరప కోతలకు పోతున్నామని, అక్కడ తమ వాళ్లెవరూ లేరని, అందుకే పోతున్నామని చెప్పింది. కోతలు తను చూసుకుంటుంది, ఆయన పిల్లల్ని చూసుకుంటాడు. బస్సు దాకా తోడు వచ్చింది. పత్తి చేల మధ్య గట్టు మీద ముందు నేను, వెనక ఆమె. రోడ్డెక్కాక అడిగింది.

“నిజంగ మీరే తవ్విచ్చిండ్రా అక్కా?”

“నేనే తవ్వించాను నీలా. నీ మొగుడు నా మాట మీద తీగ బిగించాడు, అంతే.”

ఆమె కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

“అందరంటుంటే నేను గూడ అడిగిన ఆయన్ని. ఒక్కసారే అడిగిన. నువ్వేమన్న పెట్టినవా అని.” కొంగు వదిలేసింది. “అడిగిన కాన్నుంచి నాతోని సరిగ మాట్లాడుతలేడు.”

ఆయనకు నేను చెబుతాను, నీ తప్పు లేదని చెబుతాను అనబోయాను. అనబోయి, ఇప్పటిదాకా నేను చెప్పిన మాటలన్నీ ఎటు పోయాయో గుర్తొచ్చి ఆగిపోయాను. కోదాడ నుంచి బస్సు వచ్చింది, నిండుగా ఉంది. మెట్టు మీద కాలు పెట్టడానికి చోటు చూపించి, వెనక నుంచి నా సంచీ అందించి, నీలా చేల గట్టు పట్టుకుని వెళ్లిపోయింది.